ఇంట్లో వాంటన్ తరహా సూప్: ఏడు విడతల డైరీ

వాంటన్ అంటే పలచటి మైదా షీటులో మాంసం ముద్ద (స్టఫింగ్) పెట్టి మడిచి ఉడికించే చైనా వంటకం. లక్ష్యం ఇది: నలుగురికి సరిపడా సూప్. స్టాక్ (ఎముకలు కాచి వడకట్టిన రసం) ముందే సిద్ధంగా ఉంటే, మామూలు పనిరోజు సాయంత్రం గంటలోపు అయిపోవాలి. వాడిన సామాను: గ్రాము వరకు చూపించే కిచెన్ స్కేలు, గుచ్చి చూసే థర్మామీటరు, అప్పడాల కర్ర, స్కేలు బద్ద, ఐదు లీటర్ల గిన్నె ఒకటి, మూడు లీటర్లది ఒకటి, చిల్లుల గరిటె.

తొందరగా ఉన్నవాళ్లు తిన్నగా దశ 7కి వెళ్లొచ్చు. కానీ కొలతలు మార్చుకోవాలనుకుంటే మధ్యలో ఏది ఎందుకు చెడిందో చదవండి. నేను మూడు విడతలు పోగొట్టుకున్నది అక్కడే.

దశ 1: స్టాక్

మొదటిసారి 600 గ్రాముల కోడి రెక్కలు, వెన్ను ఎముకలు, 2 లీటర్ల నీళ్లు, 20 గ్రాముల అల్లం, 12 గ్రాముల ఉప్పు అన్నీ ఒకేసారి వేసి, మూత పెట్టి పెద్ద మంట మీద గంటసేపు మరిగించాను. మూత తీస్తే బియ్యం కడుగులా ఉంది. కొలిస్తే మిగిలింది 1.1 లీటర్లు. ఉప్పు మాత్రం 12 గ్రాములూ అందులోనే ఉంది. దానికి తోడు ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్ పడేసరికి నోట పెట్టలేకపోయాం.

రెండు తప్పులు జరిగాయి. ఎముకల్లోంచి, మాంసంలోంచి వచ్చే ప్రొటీన్ వేడికి గడ్డకట్టి పైకి తెట్టులా తేలుతుంది. సన్నని సెగ మీద ఉంటే దాన్ని గరిటెతో తీసేయొచ్చు. తెర్లుతూ మరిగితే ఆ తెట్టు, కొవ్వు రెండూ పొడిపొడిగా విడిపోయి నీళ్లలో కలిసిపోతాయి, ఆ తర్వాత వడకట్టినా పోవు. రెండో తప్పు ఉప్పు. నీళ్లు ఎంత ఇగురుతాయో తెలియకముందే వేశాను.

రెండోసారి ఇలా మార్చాను:

1. ఎముకలు చన్నీళ్లలో వేసి ఒక పొంగు రానిచ్చి, 5 నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోయాలి.
2. ఎముకలను, గిన్నెను కడిగి మళ్లీ 2 లీటర్ల చన్నీళ్లు పోయాలి.
3. పొంగు వచ్చే ముందే మంట తగ్గించాలి. అక్కడక్కడా ఒక బుడగ లేస్తుండాలి, అంతే. మూత సగమే పెట్టాలి. 90 నిమిషాలు.
4. వడకట్టి కొలిచాకే ఉప్పు.

మిగిలింది 1.6 లీటర్లు. లేత బంగారు రంగు, గిన్నె అడుగు కనిపించేంత తేటగా ఉంది. ఉప్పు 8 గ్రాములు, సోయా సాస్ 2 టేబుల్ స్పూన్లు. ఇదే కొలత చివరిదాకా మార్చలేదు.

దక్షిణ చైనాకు చెందిన కాంటనీస్ పద్ధతిలో ఈ స్టాక్‌కు ఎండబెట్టిన ఫ్లౌండర్ చేప, రొయ్యల రుచి ఆయువుపట్టు. ఎండుచేప నాకు దొరకలేదు. మూడోసారి 100 గ్రాముల రొయ్య తలలు, పెంకులు ఒక టీస్పూన్ నూనెలో ఎర్రబడేదాకా వేయించి చివరి 20 నిమిషాలు స్టాక్‌లో వేశాను. ఈ ఒక్క మార్పుతో వచ్చిన తేడా నేను చేసిన మిగతా మార్పులన్నిటికంటే పెద్దది. రొయ్యలు ఒలిచినప్పుడల్లా పెంకులు ఫ్రీజర్‌లో దాస్తున్నాను.

లెక్క: స్టాక్ 3 సార్లు. పారబోసింది 1.1 లీటర్లు, వాడింది 3.2 లీటర్లు.

దశ 2: షీట్లు

విడత 1. మైదా 200 గ్రాములు, గుడ్డు ఒకటి (50 గ్రాములు), నీళ్లు 60 గ్రాములు. పిండి మెత్తగా, హాయిగా కలిసింది. ఆ హాయిగా కలవడమే ఇక్కడ లోపం. వత్తుతుంటే కర్రకు అంటుకుంది, అంటుకోకుండా చల్లిన పొడిపిండి మళ్లీ అందులోకే ఇంకింది. 8 సెంటీమీటర్ల చదరాలు 18 వచ్చాయి.

మందం ఒక్క షీటు మీద కొలవడం కష్టం. పది షీట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి పక్కన స్కేలు బద్ద నిలబెట్టాను. 14 మిల్లీమీటర్లు, అంటే ఒక్కొక్కటి 1.4. మడిచి అతికించిన చోట అది 2.8 అవుతుంది. ఉడికాక అంచు కొరికి చూస్తే మధ్యలో తెల్లటి గీత, పచ్చి పిండి. మా అమ్మాయి ఒకటి కొరికి, "నాన్నా, అంచు రబ్బరులా ఉంది, లోపల పిండి వాసన వస్తోంది" అని పక్కన పెట్టేసింది. అది నిజమే.

విడత 2. నీళ్లు 40 గ్రాములకు తగ్గించాను. గుడ్డుతో కలిపి తడి మొత్తం 90 గ్రాములు, పిండిలో 45 శాతం. మొదట ఇది ముద్ద కాదు, పొడిపొడిగా రాలుతుంది. ఇంకా నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకండి. కూడగట్టి గిన్నె మూసి 20 నిమిషాలు వదిలేస్తే తడి దానంతట అదే పాకుతుంది. ఆ తర్వాత 5 నిమిషాలు పిసికి, ఇంకో గంట నానబెట్టాలి. విడత 2లో ఈ రెండో నానుడు అరగంటే ఇచ్చాను. అందుకే వత్తినంతసేపు సాగి, కర్ర ఎత్తగానే వెనక్కి ముడుచుకుంది. షీట్లు 20, మందం మళ్లీ 1.4.

ఈ విడతలోనే క్షారం కూడా ప్రయత్నించాను. కాంటనీస్ వాంటన్ షీట్లకు, నూడుల్స్‌కు ఉండే ఆ పసుపు, ఆ బిగువు గుడ్డు వల్ల మాత్రమే రావు. క్షారజలం కలుపుతారు. క్షారం తగిలితే పిండిలో సహజంగా ఉన్న రంగు పదార్థాలు పసుపుగా మారతాయి. ఇంట్లో దానికి బదులు వంట సోడాను ఓవెన్‌లో కాల్చవచ్చు. 50 గ్రాములు పళ్లెంలో పలచగా పరిచి 120 డిగ్రీల దగ్గర గంట ఉంచాను. తూకం వేస్తే 33 గ్రాములు. సోడాలోంచి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోయి సోడియం కార్బొనేట్ మిగలడం వల్లే ఈ తరుగు. పూర్తిగా మారితే 32 గ్రాముల దాకా దిగుతుంది కాబట్టి నాది దాదాపు అయినట్టే. ఇది మామూలు సోడా కంటే ఘాటైనది, తడి చేత్తో ముట్టుకోవద్దు, సీసా మీద పేరు రాసి పెట్టండి.

200 గ్రాముల పిండికి 4 గ్రాములు వేశాను. షీట్లు చూడముచ్చటగా పసుపెక్కాయి. నోట్లో సబ్బు రుచి, చివర్లో చేదు. 20 వాంటన్లలో ఎవరూ రెండోది తినలేదు.

విడత 3. క్షారం 2 గ్రాములు, అంటే పిండిలో 1 శాతం. నీళ్లలో పూర్తిగా కరిగించాకే పిండిలో పోశాను. రెండో నానుడు పూర్తి గంట. వత్తే పద్ధతి కూడా మార్చాను. ముద్దను నాలుగు భాగాలు చేసి, ఒక్కోదాన్ని కొంచెం వత్తి, కార్న్‌ఫ్లోర్ చల్లి, షీటును కర్ర చుట్టూ చుట్టేసి ముందుకూ వెనక్కూ దొర్లించాను. విప్పి, 90 డిగ్రీలు తిప్పి, మళ్లీ చుట్టి దొర్లించాలి. పొరలన్నీ కలిసి ఒకేసారి సాగుతాయి, చెయ్యి నొప్పి సగం తగ్గుతుంది. పది షీట్లు కొలిస్తే 10 మిల్లీమీటర్లు. కిటికీ వైపు పట్టుకుంటే వెనక ఉన్న నా వేళ్ల నీడ కనిపించింది. షీట్లు 28.

లెక్క: మైదా 600 గ్రాములు, గుడ్లు 3, షీట్లు 66.

దశ 3: స్టఫింగ్

విడత 1లో చికెన్ బ్రెస్ట్ కీమా 250 గ్రాములు, అన్నీ ఒకేసారి వేసి స్పూనుతో అటూ ఇటూ కలిపాను. ఉడికాక పొడిపొడిగా రాలింది. షీటు చిరిగిన చోటల్లా ఇసుకలా సూప్‌లోకి జారింది.

విడత 2లో మూడు మార్పులు. బ్రెస్ట్‌కు బదులు తొడ మాంసం. మొదట ఉప్పు మాత్రమే, 2 గ్రాములు, తర్వాత సోయా సాస్ 2 టీస్పూన్లు. గరిటె వెనక భాగంతో 4 నిమిషాలు ఆపకుండా తిప్పడం. ఉప్పు తగిలాక మాంసంలోని ప్రొటీన్ బయటికి వచ్చి బంకలా పనిచేస్తుంది. కంటితో చూస్తే తెలుస్తుంది. రెండో నిమిషం దాకా విడివిడి ముక్కలు, మూడో నిమిషంలో గిన్నె అంచు నుంచి దారాలు సాగడం మొదలవుతుంది, నాలుగో నిమిషానికి ముద్ద మొత్తం గరిటె వెంట తిరుగుతుంది. గరిటె తలకిందులు చేస్తే ఊడిపడకూడదు. అప్పుడే 30 గ్రాముల చల్లటి స్టాక్ మూడు విడతలుగా పోశాను. పీల్చేసుకుంది.

అయినా కొంత జిడ్డు తేలింది. థర్మామీటరు గుచ్చితే ముద్ద 19 డిగ్రీల దగ్గర ఉంది. వేడెక్కితే కొవ్వు మెత్తబడి ముద్దలో నిలవదు. విడత 3లో మాంసం, గిన్నె, గరిటె మూడూ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. కలపడం పూర్తయ్యేసరికి 8 డిగ్రీలు. జిడ్డు లేదు, కొరికితే రసం వచ్చింది.

ఒకసారి క్యాబేజీ కూడా 40 గ్రాములు తరిగి వేద్దామనుకున్నాను. చిటికెడు ఉప్పు వేసి పది నిమిషాల తర్వాత పిండితే 14 గ్రాముల నీళ్లు వచ్చాయి. ఆ నీరంతా షీటును లోపలినుంచి నానబెట్టేది. మానేశాను. ఇప్పుడు ఉల్లికాడలు 20 గ్రాములు, తురిమిన అల్లం 5 గ్రాములు, తెల్ల మిరియాల పొడి పావు టీస్పూన్, వేయించిన నువ్వుల నూనె ఒక టీస్పూన్. ఈ నూనె ముదురు రంగుది, వాసనకు వాడేది. వేయించని నువ్వులతో తీసిన లేత నూనె వేస్తే ఆ వాసన రాదు.

ఉప్పు సరిపోయిందో లేదో పచ్చి మాంసం నాకి చూడకండి. ఒక స్పూను ముద్ద పెనం మీద కాల్చి రుచి చూడండి. రెండు నిమిషాల పని.

దశ 4: మడవడం, ఉడికించడం

విడత 1: ఒక్కో షీటులో 12 గ్రాముల ముద్ద. 18 చేస్తే 7 నోళ్లు తెరిచాయి.

విడత 2: 8 గ్రాములు. 20 చేస్తే 4 తెరిచాయి. తెరిచినవాటి అంచులు వేలితో రాస్తే నున్నగా జారుతున్నాయి. అంటుకోకుండా చల్లిన కార్న్‌ఫ్లోర్ అంచు మీదే ఉండిపోయి అతకనివ్వలేదు.

విడత 3: 6 గ్రాములు. అంచును ముందు పొడి బ్రష్‌తో దులిపి, తర్వాతే తడి వేలు రాశాను. ముద్ద చుట్టూ ఉన్న గాలిని మధ్యలోంచి అంచుకు నొక్కుతూ బయటికి పంపాను. 28లో 1.

మడత సులువైనదే ఎంచుకున్నాను. త్రిభుజంగా మడిచి, రెండు చివర్లు ముందుకు తెచ్చి ఒకదానిమీద ఒకటి అతికించడం. చైనాలోని సిచువాన్‌లో వాంటన్లను చావోషౌ అంటారు, చేతులు కట్టుకోవడం అని అర్థం. ఆ రెండు చివర్లు కలిపి నొక్కుతుంటే ఆ పేరు ఎందుకు వచ్చిందో చేతికే తెలుస్తుంది.

ఉడికించడంలో పెద్ద తప్పు విడత 1లో చేశాను. వాంటన్లను తిన్నగా స్టాక్‌లో వేశాను. షీట్లకు అంటిన పిండి అంతా కరిగి గంజిలా చిక్కబడింది. గంటన్నర తంటాలు పడి తేటగా కాచిన స్టాక్ రెండు నిమిషాల్లో పోయింది. అప్పటినుంచి షీట్లకు వేరే గిన్నెలో వేరే నీళ్లు. గిన్నె ఇంకొకటి కడగాల్సి వచ్చినా సరే, దీన్ని మాత్రం ఎవరూ తగ్గించుకోవద్దు.

ఇంకొకటి. తేలగానే ఉడికినట్టు కాదు. లోపల చిక్కిన గాలి వేడికి ఉబ్బినా తేలుతాయి. విడత 1లో రెండున్నర నిమిషాలకే తేలినదాన్ని తీసి గుచ్చితే 61 డిగ్రీలు. కోడి మాంసం 74 దాటాలి. 6 గ్రాములవి 4 నిమిషాలకు 80 చూపించాయి.

లెక్క: వాంటన్లు 66, తెరిచినవి 12. విడతల వారీగా 39, 20, 4 శాతం. విడత 3కు పట్టిన సమయం, స్టాక్ కాకుండా, 2 గంటల 45 నిమిషాలు.

దశ 5: పని తగ్గించడం

విడత 3 రుచికి నాకు తృప్తిగా ఉంది. కానీ మూడు గంటలు పట్టే సూప్ నెలకోసారి కూడా చేయం. ఏ పని తీసేస్తే రుచి పోదో ఒక్కొక్కటే తీసి చూశాను.

విడత 4. షీట్లు కొన్నవి వాడాను. ఫ్రీజర్‌లోంచి తీసి, ప్యాకెట్ విప్పకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. నేను తొందరపడి విప్పి బయట పెట్టిన అరగంటకే పై ఐదు షీట్ల అంచులు ఎండి పగిలాయి. తడిబట్ట కప్పి పని చేశాను. రెండో మడత మానేసి త్రిభుజాలే చేశాను. 20 నిమిషాల్లో 40. వాటిలో 28 ఉడికిస్తే 2 తెరిచాయి. నా షీట్లంత బిగువు లేదు గానీ, సూప్‌లో పడ్డాక ఆ తేడా పట్టించుకునేంత కాదు. పిండి కలపడం, వత్తడం తీసేసినట్టే.

విడత 5. మడవడమే మానేశాను. షీట్లను 2 సెంటీమీటర్ల పట్టీలుగా కోసి, స్టఫింగ్‌ను చిన్న ఉండలుగా సూప్‌లో వేద్దామని. పేర్చి ఉన్న షీట్లను అలాగే కోసి, గుప్పెళ్లతో మరిగే నీళ్లలో వేసేశాను. పట్టీలు పొరలు పొరలుగా అతుక్కుని ఒక్క దిమ్మ అయ్యాయి. బయట మెత్తటి జిగురు, లోపల పచ్చి. దిమ్మ మొత్తం పారేశాను. ఉండలు మాత్రం బాగున్నాయి.

విడత 6. కోసిన వెంటనే పట్టీలను వేళ్లతో విడదీసి జల్లెడలో దులిపాను. రెండున్నర లీటర్ల నీళ్లు తెర్లుతుండగా, ఒక చేత్తో రాలుస్తూ ఇంకో చేత్తో గరిటె తిప్పాను. 90 సెకన్లు. తీయగానే గిన్నెల్లోకి, పైన వెంటనే రెండు గరిటెల స్టాక్. ఒక్కటీ అతుక్కోలేదు. స్టాక్‌లో ఉంచేసిన కొన్ని పట్టీలు పది నిమిషాల్లో రెట్టింపు వెడల్పుకు ఉబ్బి తునిగిపోయాయి, కాబట్టి వడ్డించే ముందే ఉడికించాలి.

ఉండలకు మాత్రం స్టాకే సరైన చోటు, వాటికి పిండి అంటి ఉండదు. రెండు టీస్పూన్లతో 8 గ్రాముల చొప్పున జార్చాను. స్టాక్ తెర్లకూడదు, 90 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే చాలు. 5 నిమిషాలకు లోపల 77.

తేడా లేదని అనను. మడిచిన వాంటన్‌లో రసం షీటు లోపలే ఉంటుంది, కొరికినప్పుడు నోట్లోకి వస్తుంది. ఇక్కడ ఆ రసం స్టాక్‌లోకి పోతుంది. సూప్ రుచి పెరుగుతుంది, ఉండ కొంచెం పొడిబారుతుంది. అందుకని స్టఫింగ్‌లో స్టాక్ 30 నుంచి 40 గ్రాములకు పెంచి, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపాను. పొడిబారడం చాలావరకు తగ్గింది. ఇక పట్టీలు తేట స్టాక్‌లో అంచులు రెపరెపలాడుతూ ఒకదానిమీదుగా ఒకటి జారుతుంటే కాసేపు గరిటె పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. వాంటన్ అనే కాంటనీస్ పేరును రాసే అక్షరాలకు మేఘాలను మింగడం అని అర్థం. మడతలు లేని ఈ రూపంలో ఆ మేఘాలు ఇంకా బాగా కనిపిస్తాయని నాకనిపించింది.

లెక్క: వాంటన్లు 106 (12 ఫ్రీజర్‌లో), తెరిచినవి 14. విడత 6 సమయం 38 నిమిషాలు.

దశ 6: ఫ్రీజర్

విడత 4లో మిగిలిన 12 వాంటన్లను డబ్బాలో వేసి పెట్టాను. వారం తర్వాత ఒకే గడ్డ. విడదీస్తే 5 చిరిగాయి.

విడత 7లో ఫ్రీజర్ కోసమే 20 చేశాను. కార్న్‌ఫ్లోర్ చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి 2 గంటలు గడ్డకట్టించి, తర్వాతే సంచిలో వేశాను. ఉడికించే రోజు 4 మాత్రం ముందు బయట పెట్టి కరగనిచ్చాను, పోల్చి చూద్దామని. పళ్లేనికి అంటుకుని 3 చిరిగాయి. మిగతా 16 గడ్డగా ఉన్నవి ఉన్నట్టే మరిగే నీళ్లలో వేశాను, 6 నిమిషాలు. అన్నీ నిలిచాయి, లోపల 79.

లెక్క: వాంటన్లు 126, తెరిచినవి, చిరిగినవి కలిపి 22.

దశ 7: ఇప్పుడు చేస్తున్న పద్ధతి (4 గిన్నెలు)

1. తొడ మాంసం కీమా 250 గ్రాములు, గిన్నె, గరిటె అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి.
2. ఉప్పు 2 గ్రాములు, సోయా సాస్ 2 టీస్పూన్లు వేసి దారాలు సాగేదాకా తిప్పండి, సుమారు 4 నిమిషాలు.
3. చల్లటి స్టాక్ 40 గ్రాములు మూడు విడతలుగా పోసి, కార్న్‌ఫ్లోర్ ఒక టీస్పూన్, అల్లం, మిరియాల పొడి, నువ్వుల నూనె, ఉల్లికాడలు (కొలతలు దశ 3లో ఉన్నాయి) కలపండి. మళ్లీ ఫ్రిజ్‌లోకి.
4. పెద్ద గిన్నెలో రెండున్నర లీటర్ల నీళ్లు, చిన్న గిన్నెలో స్టాక్ 1.6 లీటర్లు వేడి పెట్టండి.
5. 20 షీట్లు పట్టీలుగా కోసి, విడదీసి, దులపండి.
6. స్టాక్‌లో ఉండలు జార్చండి. అన్నీ పడ్డాక 5 నిమిషాలు. ఒకటి గుచ్చి 74 దాటిందో లేదో చూడండి.
7. ఉండలు ఉడుకుతుండగానే పట్టీలు 90 సెకన్లు ఉడికించి గిన్నెల్లోకి తీసి, వెంటనే స్టాక్, ఉండలు వేయండి.

నిన్న ఇదే వరుసలో చేస్తే 34 నిమిషాలు పట్టింది. ఉండలు 38, విడిపోయినవి లేవు. స్టాక్ 150 మిల్లీలీటర్లు మిగిలింది, వచ్చే విడత స్టఫింగ్‌కు ఫ్రీజర్‌లో పెట్టాను. తెల్ల మిరియాల పొడి పావు టీస్పూన్ నుంచి అర టీస్పూన్‌కు పెంచాను. ఇకమీదట అర టీస్పూనే.